రాళ్ళు ఏరిన మేడు

వాదనలో నన్ను ఓడించినవాళ్ళు మా ఇంట్లో లేరు. మా వీధిలోనూ లేరు. కాలేజీలో వృక్షశాస్త్రం చదివే రోజుల్లో ఒక మేడమ్ నా రికార్డు పుస్తకం చేతిలో పెట్టి, నీకు మార్కులు వేయడం సులువే, నీతో మాట్లాడటమే కష్టం అంది. దాన్ని పొగడ్త అనుకుని ఇన్నేళ్ళూ మోశాను. ఇప్పుడు నాకు యాభై దగ్గరపడింది. గెలిచిన వాదనల్లో ఒక్కటి ఓడిపోయి ఉంటే బాగుండేదని అనుకోని రోజు లేదు. అది ఒక నేల గురించి జరిగిన వాదన.

రాజపాళయం దాటి చోళపురం వైపు పోతుంటే, నల్లరేగడి చేలు మొదలయ్యే ముందు, దారికి ఎడమవైపు ఎత్తుగా ఒక మెట్ట ఉంటుంది. మేము దాన్ని మేడు అంటాం. మా నాన్న ఆస్తి పంచినప్పుడు బావి ఉన్న మామిడి తోపు అన్నకు పోయింది. ఈ మేడు నాకు వచ్చింది. "నీకు ఇంటాయన జీతం ఉండాది కదా, నీకేంటికి తోపు?" అని అన్న నవ్వుతూ అన్నాడు. నవ్వుతూ అన్నాడు కాబట్టి తిరిగి అనడానికి లేకపోయింది. నాకు మాట దొరకని సందర్భాలు చాలా తక్కువ. అవి మరచిపోయే అలవాటు నాకు లేదు.

మేడు మీద చూడదగ్గది ఏమీ ఉండేది కాదు. ఉసిరికాయంత రాళ్ళు, పిడికిలంత రాళ్ళు, ఎవరో పనిగట్టుకుని పరిచినట్టు నేలంతా. వాటి సందుల్లో ఇటుకరంగు మట్టి. ఆ మట్టి కూడా జానెడే. కింద సుక్కాంకల్లు అని మా వైపు అనే తెల్లటి సున్నపు పొర, గచ్చు నేలలా గట్టిగా. పడమటి కొండల మీద వాన కురవడం మేడు మీద నిలబడితే కనిపిస్తుంది, కానీ ఆ వాన మేడు దాకా రాదు. వచ్చేదంతా ఐప్పసి నెలలో, అంటే దీపావళి అటూ ఇటూ, ఒక్కసారిగా వచ్చి పోతుంది. అప్పుడు మాత్రం రాళ్ళ పక్కనే పిల్లితోకలాంటి కంకులతో గడ్డి లేస్తుంది. దాన్ని కొళుక్కట్టై గడ్డి అంటారు. గొర్రె దాన్ని చూస్తే మరో వైపు తల తిప్పదు.

ఆ గొర్రెలు ఒక అక్కవి. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. మాలాగే తెలుగు మాట్లాడే కుటుంబం. మా తాత కాలంలో ఆమె తండ్రి మా మేడు మీద మంద మేపేవాడు, తర్వాత ఆమె. మొగుడు పోయినా మందను వదల్లేదు. నన్ను చిన్నప్పటినుంచి ఎరిగిన మనిషి కాబట్టి నాకు పెళ్ళయి, నా కూతురికి పెళ్ళయినా నన్ను "పాపా" అనే పిలిచేది. నేను "అక్కా" అనేదాన్ని. మా ఇంటి ఊయల బల్ల మీద మాత్రం ఆమె ఎన్నడూ కూర్చోలేదు. మేమూ కూర్చోమనలేదు.

ఆమె ఏడాది ఎలా గడిచేదో చెబితేనే తర్వాతి సంగతి అర్థమవుతుంది. పంట కోసాక చేల వాళ్ళే ఆమెను పిలుచుకుపోయేవారు. మంద చేనులో పడుకుంటే పెంటికలు, మూత్రం నేలకు ఎరువు, బదులుగా ఆమెకు గింజలు. కానీ విత్తనం పడింది మొదలు పత్తి, మక్కజొన్న ఇంటికి చేరేదాకా ఒక్క చేనులోకీ గొర్రెను రానివ్వరు. ఆ అయిదు నెలలూ మందకు మేడే దిక్కు. మేడు లేకపోతే మంద లేదు. ఈ మాట ఎవరూ నాకు దాచలేదు. నాకు ముందే తెలుసు.

ఇంకొకటి కూడా తెలుసు. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు నాన్నతో మేడు మీదికి వెళ్ళి, తేలు ఉందేమోనని ఒక రాయి తిప్పాను. అక్క తండ్రి కర్ర ఊపుకుంటూ వచ్చాడు.

"ఏయ్ పాపా, ఎట్ల ఉండినదో అట్లనే పెట్టు!"

పెట్టాను.

"అట్ల కాదు. నల్ల మొహం పైకి. తెల్లది కిందికి."

చూస్తే నిజమే. రాయికి ఎండ వైపు నల్లగా నిగనిగలాడుతోంది, నేల వైపు సున్నం రాసినట్టు తెల్లగా ఉంది. "ఏంటికి తాతా?" అన్నాను.

"అది అట్లనే పడుకోని ఉండాది. ఉండనీ."

జవాబు తెలియనివాళ్ళు చెప్పే జవాబు అనుకున్నాను. వాళ్ళ ఇంట్లో ఎవరూ మేడు మీద రాయి తిప్పరు, కూర్చోవడానికి తీసినా లేచేటప్పుడు అదే గుంటలో అదే వైపు పెట్టి పోతారు. పదేళ్ళ తర్వాత, రాయి అడుగున చెమ్మ నిలిచి, అది ఆరేటప్పుడు సున్నం పేరుకుంటుందని కాలేజీలో చదివాను. పరీక్షలో బొమ్మ వేసి మరీ రాశాను. ఆ బొమ్మలో ఉన్నది మా మేడే అని ఒక్క క్షణం కూడా తట్టలేదు.

ఏడేళ్ళ కిందట అన్న తోపులో పళ్ళు దిగే రోజున భోజనానికి వెళ్ళాం. వదిన వడ్డిస్తుంటే అన్న అన్నాడు, "నీ మేట్లో ఈ ఏడు రాళ్ళు బాగ కాసినాయా?" అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు. నేను తిన్న చేయి కడగకుండానే చెప్పాను, "మూడేండ్లు ఆగు. నా మామిడి పండు నీ తోపు వాకిట్లో పెట్టి పోతాను."

"సరే కలెక్టరమ్మా," అన్నాడు అన్న.

ఇంటికి వస్తూ దారిలో మా ఆయన అన్నాడు, "నువ్వు మణ్ణుతో కూడా సండై పెట్టుకుంటావు." మణ్ణు అంటే మట్టి, సండై అంటే తగవు. బండి నడుపుతున్నాడు కాబట్టి ఊరుకున్నాను.

మట్టి పరీక్షకు ఎలా తీయాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేలంతా తిరిగి పది చోట్ల తవ్వి, అన్నీ కలిపి, అందులోంచి కొంచెం తీయాలి. చెట్టు నీడలో, పెంట వేసిన చోట, పశువులు కట్టిన చోట తీయకూడదు. కాలేజీలో మిగతావాళ్ళకు ఇదంతా నేనే అప్పజెప్పేదాన్ని. ఆ రోజు గడ్డపార పట్టుకుని మేడు ఎక్కాను. మొదటి పోటుకు ఖంగుమని వెనక్కి ఎగిరింది. ఇంకోచోట జానెడు దిగి ఆగింది. మరోచోట అదీ లేదు. అరచేతులు బొబ్బలెక్కాయి, ఎండ నడినెత్తికి వచ్చింది. చివరికి ఉడై అనే తుమ్మ చెట్లకు కొంచెం దిగువన, మిగతా చోట్లకంటే చదునుగా ఉన్న దగ్గర వేస్తే వెన్నలోకి దిగినట్టు దిగింది. మోచేయి లోతు దాకా నల్లగా, పొడిపొడిగా, ముట్టుకుంటే చల్లగా ఉండే మట్టి. సంచి నిండా అక్కడే తీశాను. గడ్డపార దిగిన చోటే నా నేల అని తేల్చేసుకున్నాను.

అక్క మందతో అటు వచ్చి, సంచిలోకి తొంగి చూసి నవ్వింది.

"అది మణ్ణు కాదు పాపా. అది మా గొర్రెలు."

"ఏంటక్కా?"

"మా అప్పన్ కాలం నుంచి రాత్రిళ్ళు మందను మడిపేది అక్కడ్నే. నువ్వు తవ్వినది అంతా పెంటికలు. మేడు మణ్ణు కావాలంటే మేట్లో తవ్వు."

అక్కడితో నేను సంచి బోర్లించి ఉంటే ఈ కథ లేదు. కానీ నాకు ఒక వాదన దొరికింది, దొరికిన వాదనను వదలడం నా వల్ల కాదు. "పెంటికలతోనే ఇంత మణ్ణు అయిందంటే, ఎరువు వేసి నీళ్ళు పారిస్తే మేడంతా కాదా? నువ్వే చెప్పు."

"అవుతాది. మా అప్పన్ మాదిరి అరవై ఏండ్లు కూచో."

"నేను అరవై ఏండ్లు కూచోను అక్కా. నేను చదువుకోనుండాను."

ఆమె కర్ర భుజాన వేసుకుని, "చదువుకోనుండావు, ఆమా," అని పోయింది. ఆ "ఆమా"లో, అంటే అవును అనడంలో, వెటకారం ఉందా లేదా అని నేను ఇల్లు చేరేదాకా తర్కించుకున్నాను. ఆమె చెప్పిన సంగతి గురించి మాత్రం తర్కించుకోలేదు.

పరీక్ష చేసేచోట ఒక చిన్న వయసు ఉద్యోగి సంచి తీసుకుంటూ, పది చోట్ల తీశారా అని అడిగాడు. తీశాను అన్నాను. ఇన్నేళ్ళ నా వాదనల్లో నేను మాటలు మెలితిప్పి ఉంటాను, ఎదుటివాళ్ళ నోరు మూయించి ఉంటాను, కానీ అబద్ధం ఆడలేదని నాకు గర్వం. అది అబద్ధం. ఒక్క మాటే. ఆ ఒక్క మాట మీద మేడంతా నిలబడింది.

కాగితం వచ్చింది. నేల సారవంతం, పండ్ల తోటకు అనువు. ఫొటో తీసి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అన్న బొటనవేలి బొమ్మ పంపాడు. ఆ బొమ్మను ఎన్నిసార్లు చూసుకున్నానో చెప్పడానికి సిగ్గేస్తోంది.

జేసీబీ వచ్చిన రోజు పొద్దున అక్క మందతో మేడు కింద నిలబడి ఉంది. పైన బకెట్టు రాళ్ళను గీరి గీరి కంచె వైపు పోగులు పెడుతోంది. మధ్యమధ్య కింది తెల్ల పొర తగిలి కిర్రుమని శబ్దం. నడిపేవాడు ఆపి, అమ్మా కింద అంతా రాయే ఉండాది అన్నాడు. మామిడి మొక్కలకు గుంటలు తీసే చోట ఆ పొర పగలగొట్టు అన్నాను.

"ఈ ఏడు నేనెక్కడ పెట్టేది పాపా?" అంది అక్క. చెయ్యి మంద వైపు చూపలేదు. మందే ఆమె చుట్టూ ఉంది.

"ఒక్క ఏడు సర్దుకో అక్కా. చెట్లు లేచినాక నడుమ గడ్డి అంతా నీకే. ముందుకంటే బాగ వస్తాది."

నేను మోసం చేయడానికి అనలేదు. నమ్మే అన్నాను. అది ఇప్పుడు చెప్పుకుంటే ఏమీ తేలికపడదు.

"రాళ్ళు తీసినాక గడ్డి ఎట్ల వస్తాది?"

"రాళ్ళు అడ్డం లేకుంటేనే కదా వచ్చేది!"

ఆమె నా మొహం చూసింది, పోగుల వైపు చూసింది. ఆమె దగ్గర ఇంకో మాట లేదు. నాకు బాగా తెలిసిన క్షణం అది, ఎదుటివాళ్ళ దగ్గర మాట అయిపోయే క్షణం. అలవాటుగా సంతోషించాను.

ఆ ఐప్పసిలో మూడు రోజులు ఆగకుండా కురిసింది. వాన వెలిసిన పొద్దున మా ఆయన బండి మీద తీసుకుపోయాడు. మేడు ఇంకా కనబడకముందే దారి మీద ఎర్రనీళ్ళు. చోళపురం టౌన్ బస్సు, రెండు షేర్ ఆటోలు ఆగిపోయి ఉన్నాయి. బురదలో కాలు పెట్టలేక నిలబడ్డ ఒకాయన, "ఎవరి తోట్టం సార్ ఇది, ఇంత మణ్ణు రోడ్డుకు తోలినారు?" అని మా ఆయన్నే అడిగాడు. మా ఆయన నా వైపు చూడలేదు. ఆ మర్యాద ఈ రోజుకీ మరచిపోలేదు.

పైకి వెళ్ళి చూస్తే మేడు అక్కడక్కడ తెల్లగా ఉంది, వెంట్రుకలు ఊడిన తలలా. మామిడి మొక్కలు గుంటల్లో నీళ్ళలో మునిగి నిలబడ్డాయి. పగలగొట్టిన చోటనుంచి కూడా నీళ్ళు కిందికి ఇంకడం లేదు. రాళ్ళు ఉన్నప్పుడు చినుకు ముందు రాయి మీద పడి చిట్లేది. తర్వాత మెల్లగా సందులోకి జారేది. ప్రతి రాయి కిందా ఒక గుక్క చెమ్మ మిగిలేది, గాలికి కొట్టుకొచ్చిన గడ్డి విత్తనం ఆ రాయి పక్కనే చిక్కుకునేది. రాయి తీసేస్తే చినుకు నేరుగా మట్టిని కొట్టింది, మట్టి అలికినట్టు మూసుకుపోయింది, నీళ్ళు దొర్లి దారి పట్టాయి, జానెడు మట్టిని వెంటబెట్టుకుని. ఇదంతా నేను ఇప్పుడు ఎంత చక్కగా చెబుతున్నానో చూడండి. చెప్పడం నాకు ఎప్పుడూ వచ్చు.

మందను మడిపే చోటు దగ్గరి నల్లమట్టి అన్నిటికంటే ముందు పోయింది. వదులు మట్టి కదా.

రెండో వేసవికి మామిళ్ళు ఎండాయి. ఒకటి పీకి చూస్తే వేళ్ళు కిందికి పోలేదు, పళ్ళెంలా పరచుకున్నాయి. గడ్డి రాలేదు. అన్న చూడటానికి వచ్చాడు. ఈసారైనా ఒక వెటకారం ఆడతాడని, నేను తిరిగి అంటానని ఎదురుచూశాను. "పోనీ లేమ్మా," అన్నాడు. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

అక్క మందను మొదటి ఏడు సత్రపట్టి దగ్గర బంధువుల ఊరికి తోలుకుపోయింది. అక్కడ రోడ్డు పక్క మేత. ఒక రోజు గొర్రెలు ఒకరి మక్కజొన్నలో పడ్డాయి, తగవయింది, ఆ ఊళ్ళో మళ్ళీ కాలు పెట్టనివ్వలేదు. తర్వాత కొన్ని అమ్మింది. తర్వాత ఇంకొన్ని. మిగిలిన ఆడగొర్రెలను కూడా సంతకు తోలిన మర్నాడు మా ఇంటికి వచ్చింది. అడగడానికో తిట్టడానికో కాదు, చెప్పిపోవడానికి. రెండు తరాలు మా నేల మీద మేపినవాళ్ళు, మానుకుంటున్నప్పుడు చెప్పాలి కదా. అది వాళ్ళ పద్ధతి.

"పాపా, మందను అమ్మేసినాను. కట్టుగుడ్డ మడిచే కూలి వేలైకి పోతుండాను, సత్రపట్టికి."

"మళ్ళ కొను అక్కా. నాలుగు కొను. మేడు నీదే, మామిడి అంతా పీకేస్తాను, నువ్వు మేపుకో."

"దేన్ని మేపేది? రాళ్ళనా?" అని ఒక్క క్షణం ఆగి, "రాళ్ళు కూడ ఓరంగా తోసేసినావే!" అంది. నవ్వే అంది. ఆ నవ్వులో కోపం కోసం వెతికాను. ఉంటే దానితో వాదించవచ్చు.

"కూచో అక్కా," అని ఊయల బల్ల చూపించాను. అన్నేళ్ళలో మొదటిసారి. ఆమె దాన్ని, నన్ను చూసి, "ఇప్పుడేంటికి?" అని మెట్టు మీదే కూర్చుని నీళ్ళు తాగి పోయింది.

నిరుడు నుంచి ఆదివారాలు నేను రాళ్ళు పరుస్తున్నాను. యంత్రం పెడితే మిగిలిన కాస్త మట్టీ అణిగిపోతుంది, అందుకని చేత్తోనే. "ఏరేదానికి జేసీబీ, పరిచేదానికి నువ్వా?" అని మా ఆయన ఒకసారి అని, మరుసటి ఆదివారం తనూ ఒక తట్ట పట్టుకొచ్చాడు. కొన్ని వారాలకు నాకే అర్థమైంది, నేను పరచడం లేదు, చల్లుతున్నానని. సత్రపట్టి వెళ్ళి, గాయాలకు కట్టే తెల్లబట్ట గుట్టల మధ్య కూర్చున్న అక్కను అడిగాను, "ఎట్ల పెట్టాలో చూపించక్కా." మరొక మనిషిని అలా అడగడం నా బతుకులో అదే మొదలు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మడిచే చేతులు ఆపి చూశారు. "ఆదివారం చూస్తాం," అంది. మూడు ఆదివారాలు రాలేదు. నాలుగో ఆదివారం టౌన్ బస్సు దిగి పైకి నడిచి వచ్చింది.

రాగానే వంగి నేను పెట్టిన రాళ్ళు తిప్పడం మొదలుపెట్టింది. ఒకటి, ఇంకొకటి.

"తెల్లది పైకి పెట్టినావు పాపా."

"కొన్నిట్లో తెలియడం లేదక్కా. రుద్దుకోని పోయి రెండు వైపులా ఒకటే మాదిరి ఉండాది."

"గోటితో గీరు. సున్నం రాలితే అది కింది మొహం." చూపించింది. నేను గీరాను. రాలింది.

ఇద్దరం ఒక వరస పెట్టాం. వాలుకు అడ్డంగా, ఒకదానికొకటి తగలకుండా, సగం మట్టిలో అణిచి. కిందటి వానకు నేను పెట్టిన రాళ్ళలో ఎక్కడో ఒక రాయి పక్కన గడ్డి పరక ఒకటి లేచి, ఎండి, అలాగే నిలబడి ఉంది. దాన్ని ఆమెకు చూపించాను, పిల్ల ప్రోగ్రెస్ కార్డు చూపించినట్టు. ఆమె తల ఊపింది.

"ముందు మాదిరి కావాలంటే ఎన్నేండ్లు పడతాదక్కా?"

వంగిన నడుము ఎత్తి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని మేడంతా ఒకసారి చూసింది.

"నాకేం తెలుసు పాపా? నేను పుట్టినప్పటికే ఉండినది కదా."

దానికి ఒక లెక్క ఉంటుందని, జానెడు మట్టికి ఇంత కాలమని నేను ఎక్కడో చదివాను. నోటిదాకా వచ్చింది. మింగేశాను.

మూడు గంటల బస్సుకు ఆమె దిగిపోయింది. ఆటో పిలుస్తానంటే వద్దంది. మళ్ళీ వస్తావా అని అడగలేదు, ఆమె చెప్పలేదు. మంద లేని మనిషికి మేడు మీద ఏం పని? నేను వెళ్ళి పోగు దగ్గర కూర్చుని ఒక్కొక్క రాయీ తీసి గోటితో గీరుతూ ఉన్నాను. ఎండ దిగేవరకు చూసుకుంటే, ఆ రోజు పరిచినది ఒక చాప వేసేంత చోటు.